చేను చూసి చెప్పిన సలహా

హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ అంటే సెల్‌ఫోన్ల బజారు. అక్కడికి దగ్గర్లోనే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యానశాఖ కార్యాలయం ఉంది. డ్రిప్పు సబ్సిడీ చూసేది ఆ శాఖే. మొక్క మొదట్లోకి నీళ్లందించే డ్రిప్పుకు ఫోనులో వచ్చే సమాచారం తోడైతే, ఏ మొక్కకు ఎంత కావాలో అంతే ఇవ్వొచ్చు.

ఇలా ఏ చేనుకు తగ్గ సమాచారం ఆ చేనుకు అందించే పనికి మన దగ్గర 2004లోనే పునాది పడింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు 'ఈ-సాగు' మొదలుపెట్టారు. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో శిక్షణ పొందిన కుర్రాళ్లు పత్తి చేలల్లో తిరిగి, ఆకు మీది మచ్చనూ అడుగున నక్కిన పురుగునూ డిజిటల్ కెమెరాతో ఫొటో తీసేవారు. అప్పట్లో పల్లెల్లో ఇంటర్నెట్ అంతంతమాత్రం. అందుకే ఫొటోలు సీడీలోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాదు పంపేవారు. నిపుణులు ఆ చేను వివరాలూ ఫొటోలూ చూసి సలహా రాసేవారు. రైతు అడక్కముందే, అతని చేనుకే సరిపోయే సలహా! ఊరంతా ఒకే మందు కొట్టే అలవాటుకు ఇదే అసలైన విరుగుడని నా గట్టి నమ్మకం.

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగు ఎస్సెమ్మెస్‌లో చెప్పాయి. దానికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోను చాలు.

మీ పైరు గురించి సందేహముంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు.