పరీక్ష రోజు షుగరు

వేదిక మీదున్న గురువులకు, నాతో చదువుకున్న మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా లెక్కల మాస్టారికి నమస్కారం.

స్వర్ణోత్సవాల్లో ఆరోగ్యం మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగితే, "నేను ఇంజనీరును, డాక్టరును కాను కదా" అన్నాను. "నీకు షుగరుంది కదా, చాల్లే" అన్నారు. నా అర్హత అదొక్కటే. పదకొండేళ్ల అనుభవం. చెప్పబోయేది కూడా ఒక్క సంగతే. మనసు ఉద్వేగపడితే షుగరు ఏమవుతుంది?

నాకు తగిలిన దెబ్బతోనే మొదలుపెడతాను. చర్లపల్లిలో మా ఫ్యాక్టరీలో ఓ కొత్త యంత్రం ట్రయల్ రన్ జరుగుతోంది. కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. పొద్దున రెండే ఇడ్లీలు తిన్నాను. పదకొండు గంటలకు మీటరు పెట్టి చూస్తే 262. మామూలు రోజున అవే రెండు ఇడ్లీలకు 160 దాటదు. మా ఇంటావిడకు ఫోను చేస్తే, "క్యాంటీన్లో ఏం స్వీటు తిన్నారు?" అంది. ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. ఆ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఎవర్నీ అడక్కుండా ఒక మాత్ర ఎక్కువ వేసుకున్నాను. క్లోమాన్ని తొందరపెట్టి ఇన్సులిన్‌ను బయటికి తోయించే రకం మాత్ర అది. రెండు గంటలకు ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, గుండె దడ. రేపటి ఇన్‌స్పెక్షన్ తాలూకు టెన్షనే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. మా ఇంటావిడ లేచి నా వేలు గుచ్చి చూస్తే 54. పంచదార నీళ్లు తాగించి కూర్చోబెట్టింది. ఆమెకు మెలకువ రాకపోయి ఉంటే ఈ రోజు ఈ ఉపన్యాసం ఇంకెవరో ఇచ్చేవారు.

స్వీటు తినకుండా 262 ఎలా వచ్చింది? ఓవర్‌హెడ్ ట్యాంకును ఊహించుకోండి. తిన్నదాంట్లోని గ్లూకోజును మన కాలేయం గ్లైకోజెన్‌గా మార్చి కొంత నిలవ ఉంచుకుంటుంది. భయమో, కోపమో, పట్టరాని సంతోషమో కలిగినప్పుడు అడ్రినలిన్ వచ్చి ఆ ట్యాంకు వాల్వు తిప్పేస్తుంది. అదే సమయంలో క్లోమం నుంచి ఇన్సులిన్ రాకుండా బిగిస్తుంది కూడా. వెనకాలే నెమ్మదిగా కార్టిసాల్ వచ్చి, ఉన్న ఇన్సులిన్ మాట కండరాలు సరిగా వినకుండా చేస్తుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి చేసిన ఏర్పాటు ఇది. ఇన్‌స్పెక్టరు ఎదురైతే పరుగెత్తలేం కదా! ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. షుగరు లేనివాళ్లలో క్లోమం కాసేపటికి సర్దుకుని దించేస్తుంది. మన పేటలో ఈసీఐఎల్ వాళ్ల పిల్లలకు ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మధుమేహంలో ఆ ఫీడ్‌బ్యాకే బలహీనం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1913లో హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టు ఆఖరి మ్యాచ్ అవగానే 25 మంది ఆటగాళ్ల మూత్రం పరీక్షించాడు. 12 మందిలో చక్కెర కనిపించింది. అందులో ఐదుగురు అసలు మైదానంలోకే దిగలేదు, బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్లు! వైద్య విద్యార్థులు తొమ్మిది మందిని చూస్తే, కష్టమైన పరీక్ష రాశాక నలుగురికి, తేలిక పరీక్ష తర్వాత ఒక్కడికే చక్కెర కనిపించింది. వీళ్లెవరూ మధుమేహ రోగులు కారు. రక్తంలో సుమారు 180 దాటితే గాని మూత్రంలోకి చక్కెర రాదని గుర్తుంచుకోండి. మాస్టారూ, మీ యూనిట్ టెస్టుల రోజున మమ్మల్ని పరీక్షించి ఉంటే ఎన్ని బయటపడేవో!

ఆ ఆటగాళ్ల పరీక్షలో కానన్‌కు తోడున్నది సైరస్ ఫిస్కే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తర్వాత హార్వర్డ్‌లో పనిచేసింది ఆయన దగ్గరే. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి 1925లో వచ్చింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన సుబ్బారావు గారికి పరీక్ష రోజు ఉద్వేగం గురించి ఎవరూ చెప్పి ఉండక్కర్లేదు.

సంతోషానికీ దుఃఖానికీ శరీరం దగ్గర వేరువేరు ఖాతాలు లేవు. కూతురి పెళ్లి రోజున ఒక మిత్రుడికి ఉపవాసంలోనే షుగరు పెరిగింది. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్ చూస్తూ నాకూ పెరిగింది. ఆ రోజు పకోడీలు కూడా తిన్నాను కాబట్టి నేరమంతా ట్రావిస్ హెడ్ మీద వేయలేను. అందరికీ ఒకేలా ఉండదు కూడా. టైప్ 1 ఉన్నవాళ్లలో కొందరికి ఉద్వేగంలో పెరగడానికి బదులు తగ్గుతుంది.

అందుకే నేను డైరీలో అంకె పక్కన ఒక మాట కూడా రాసుకుంటాను. "ఆడిట్", "నిద్ర లేదు", "జ్వరం", "బావగారితో గొడవ". మూడు నెలలు రాశాక నా షుగరు ఎక్కడ ఎగురుతుందో నాకే కనిపించింది. ఆ డైరీ చూశాక డాక్టరుగారు చెప్పింది ఇదీ: ఒక్క రోజు అంకె చూసి మందు మార్చకు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూద్దాం. అది కూడా పెరుగుతుంటే అప్పుడు మార్చేది నేను, నువ్వు కాదు.

ఒక్కరోజు అలకంటే నాకు భయం నెలల తరబడి సాగే దిగులు. ఏఎస్ రావు నగర్, సైనిక్‌పురి అపార్టుమెంట్లలో ఎంతోమంది రిటైరైనవాళ్లున్నారు. పిల్లలు అమెరికాలో, ఇంట్లో మంచం పట్టిన భార్యో భర్తో, రాత్రుళ్లు నిద్ర లేదు. తిండి కొలుచుకునే తింటారు, అయినా షుగరు దిగదు. డాక్టరు దగ్గర అన్నం, చపాతీల లెక్క చెబుతారు గాని నిద్ర లేని సంగతి చెప్పరు. "అది ఇంటి విషయం కదా" అంటారు. మా అమ్మా అలాగే అనేది. నాన్న మంచాన పడిన రెండేళ్లూ ఆమె మందులు పెరుగుతూనే వచ్చాయి. రాత్రుళ్లు ఆయన దగ్గర కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టాక గాని తగ్గలేదు. ఆ మనిషిని ముందే పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. అది నా తప్పే.

ఇక నా రెండో పొరపాటు. చెమట, వణుకు, దడ టెన్షన్‌లోనూ వస్తాయి, షుగరు పడిపోయినప్పుడూ వస్తాయి. రెండింట్లోనూ కేకలు వేసేది ఆ అడ్రినలినే. ఊహించవద్దు, వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. మీటరు దగ్గర లేకపోతే పడిపోయిందనే అనుకుని పంచదార తీసుకోండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇలాంటి సభలు అందుకు సరైన చోటు. పొద్దున ఇన్సులిన్ వేసుకుని వచ్చారు, సన్మానాలు ఒంటిగంట దాటేలా ఉన్నాయి, ఆకలేస్తోందని చెప్పడానికి మొహమాటం. నా సంచిలో మీటరుంది, గ్లూకోజు పొట్లాలున్నాయి. మాస్టారూ, మీరు వాచీ ఎందుకు చూసుకుంటున్నారో నాకు తెలుసు. పక్క గదిలో మీ ప్లేటు పెట్టించాను. ముందు భోంచేసి రండి, శాలువా తర్వాత కప్పుతాం.