పొలము కొలుచు చేతియంత్రము

(ఒక గ్రామసభలో గావించిన ప్రసంగ పాఠము)



భూమి కొలత యనగానే మన పెద్దలకు గొలుసు జ్ఞప్తికి వచ్చును. గొలుసు పొడవు 66 అడుగులు. అందు 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరము, 1000 చదరపు లింకులు ఒక సెంటు. మన తాతలనాటి కొలత పుస్తకములు చాలవరకు ఈ లెక్క మీదనే నిలిచినవి. గొలుసునందొక గుణము కలదు. అది బురదలో పడినను, దానిపై బండి పోయినను పని మానదు. వాడుకలో లంకెలు సాగుట దాని దోషము. అందుచేత అప్పుడప్పుడు ప్రమాణపు కొలతతో సరిచూచుచుండెడివారు.

నేడు ఆ గొలుసు స్థానమున మరియొక సాధనము వచ్చినది. 2020 డిసెంబరు 21న నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలములోని తక్కెళ్లపాడున ఆంధ్రప్రదేశ్ భూముల పునఃసర్వే ప్రారంభమైనది. నాటినుండి డ్రోనులను, రోవరులను మన పొలములలో చూచుచున్నాము. రోవరనగా కర్రకొనపై గొడుగు వలె నుండి ఉపగ్రహముల సంకేతములను గ్రహించు భాగము. అదే కర్రకు నడుమ, చేతికందునంత యెత్తున, పలకవంటి చిన్న యంత్రము బిగించి యుండును. దానినే సర్వేయర్లు డేటా కలెక్టరనియు, కంట్రోలరనియు పిలుతురు. రోవరు విన్నది వ్రాసికొను కరణము ఇదియే యనుకొనుడు. 1984లో కరణీకములు పోయినవి గాని, దస్త్రము వ్రాయు చేయి యొకటి ఉండక తప్పదు గదా!

ఈ చేతియంత్రమును గూర్చియే నేడు మేము చెప్పదలచినది. రోవరు ఎంత ఖరీదైనదైనను, వ్రాసికొను యంత్రము మధ్యాహ్నము రెండు గంటలకు ఆగిపోయినచో ఆనాటి కొలత నిలిచిపోవును. అందున్న లెక్కలు చెడిపోయినచో పనికి వెళ్లక గట్టు మీద నిలిచిన రైతు, మరల ఇంకొక దినము నిలువవలసి వచ్చును. కూలి దినము పోవుట యొక నష్టము; ఇరుపొరుగు రైతులు అంగీకరించిన హద్దుపై రెండవమారు తగవు లేచుట అంతకు మించిన నష్టము.

మన నేలలో యంత్రమునకు మొదటి శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలి వేడిమియే 45 డిగ్రీలు దాటుట కలదు. ఎండలో నుంచిన నల్లని పెట్టె అంతకంటె మిక్కిలిగా కాగును. లిథియం బ్యాటరీలను సాధారణముగా 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. కావున జీపు ముందు అద్దము వద్ద నుంచి చార్జి చేయుట మానవలెను. ఉదయము పనికి పోవునపుడే నిండిన బ్యాటరీలు రెండు వెంట నుండుట మేలు.

తరువాత దుమ్ము, నీరు. యంత్రముపై ఐ.పి. 67 వంటి గుర్తు వ్రాసి యుండును. అందు మొదటి అంకె 6, దుమ్ము లోనికి పోదని తెలుపును. రెండవది 7, ఒక మీటరు లోతు నీటిలో అర్ధగంట సేపు మునిగియున్నను చెడదని తెలుపును. కాని ఆ పరీక్ష మంచినీటిలో, క్రొత్త యంత్రమునకు జరిగినది. చార్జి రంధ్రముపైనున్న రబ్బరు మూత తెరచియుంచినచో ఆ గుర్తుకు విలువ లేదు. రెండు మూడేండ్లకు ఆ రబ్బరు బిరుసెక్కును. మేము యంత్రమును చేతికి తీసికొన్నపుడు మొట్టమొదట చూచునది ఆ మూతనే.

పడుటకు తట్టుకొనునన్న మాట కూడ అటువంటిదే. అమెరికా సైనిక ప్రమాణమున 122 సెంటీమీటర్ల యెత్తునుండి 26 విధముల పడవేయు పరీక్ష కలదు. పెట్టెకు ఆరు ముఖములు, పండ్రెండు అంచులు, ఎనిమిది మూలలు, వెరసి 26. ఈ పాటులను అయిదు యంత్రముల వరకు పంచవచ్చునని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. క్రింద పరచునది కాంక్రీటుపై నుంచిన చెక్క. అనంతపురపు గుండ్రాళ్లకు ఈ మర్యాద తెలియదు! పరీక్ష వ్యర్థమని మా భావము కాదు. అది లేని యంత్రముకంటె ఉన్నది నయము. అయినను చేతిపట్టీ వేసికొనుట మానరాదు.

గట్టిదనము మాత్రమే చాలదు, వాడుకకు అనువుగా నుండవలెను. ఈ సంగతిని కొనువారు తరచు మరచుచున్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెరపై అక్షరము కనబడని యంత్రము ఎంత గట్టిదైన నేమి? సర్వేయరు తలపాగ నీడలో తెరను దాచి చదువుచు అంకె తప్పుగా చూచును. చెమట చుక్క పడినచో తాకుడు తెర దానినే వ్రేలుగా భ్రమించి ఏదో యొకటి నొక్కును. వరిమడిలో బురద చేతులతో పని మరింత కష్టము. అందుచేత కొన్ని ముఖ్యమైన మీటలైనను విడిగా నుండు యంత్రమునకే మేము మొగ్గుచున్నాము. మామూలు ఫోనుతోను ఈ పని జరుగును, ధరయు తక్కువ. ఒక ఊరి పనికి, చల్లని దినములలో, మంచి తొడుగుతో అది చాలును. ఏడాది పొడుగున ఊరూరు తిరుగువారికి చాలదు. తూకము కూడ చూడుడు: ఉదయము తేలికగా తోచిన కిలో బరువు సాయంకాలమునకు మణుగగును. కర్రను పట్టిన చేయి వణకినచో కొలతయు వణకును.

ఇక మీకు మిక్కిలి ముఖ్యమైన మాట. కొలుచునపుడు తెరపై 'ఫిక్స్' అనియో 'ఫ్లోట్' అనియో కనబడును. ఫిక్స్ అనగా స్థానము కొన్ని సెంటీమీటర్లలో కుదిరినది. ఫ్లోట్ అనగా ఇంకను కుదరలేదు, కొన్ని అంగుళములో అడుగులో తేడా యుండవచ్చును. దట్టమైన మామిడితోపులోను, గోడల ప్రక్కను ఇట్లు జరుగును. సెల్‌ఫోను సంకేతము ద్వారా సవరణలు అందుకొను యంత్రమైనచో, ఆ సంకేతము లేనిచోటను ఇదియే గతి. మంచి యంత్రము ఫ్లోట్‌లో నున్నపుడు బిందువును భద్రపరచుటకు ఒప్పుకొనదు, లేదా గట్టిగా హెచ్చరించును. ఆ హెచ్చరికను చిన్న అక్షరములతో మూలన చూపు యంత్రములును కలవు. అవి మాకు నచ్చవు.

తేడా ఎంతటిదో లెక్క చూతము. 100 మీటర్ల గట్టు 20 సెంటీమీటర్లు జరిగినచో 20 చదరపు మీటర్ల భూమి చేయి మారును. అది సుమారు అర సెంటు. కర్ర ఒరిగినను ఇట్లే. 2 మీటర్ల కర్ర ఒక డిగ్రీ ఒరిగినచో పైకొన మూడున్నర సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. కర్రకున్న గాజు గుండ్రములో గాలిబుడగ నడుమ నున్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. కొన్ని క్రొత్త రోవరులు ఒరిగినను తామే సరిచేసికొనును గాని బుడగను చూచుట వలన నష్టము లేదు.

కావున మీ పొలము కొలుచుదినమున మీరు హద్దురాతి వద్ద స్వయముగా నుండుడు. తెరపై ఫిక్స్ ఉన్నదా యని అడుగుడు. బిందువు సంఖ్య వ్రాసికొనుడు. సందేహమున్న మూలను కొంత వ్యవధి నిచ్చి మరియొకమారు కొలువుమని కోరుడు. రెండు కొలతలు దగ్గరగా వచ్చినచో నిశ్చింత. ఇట్లు అడిగినందుకు మంచి సర్వేయరు కోపింపడు. లెక్కలను ఆ సాయంకాలమే వేరొకచోట ప్రతి తీసి యుంచుట వారి విధి, దానినిగూర్చి అడుగుట మీ హక్కు.

ఒక యంత్రమును తెచ్చినాము. మొదట ఈ వేపచెట్టు క్రింద, తరువాత ఆ ఆరుబయట ఒకే విధముగా నిలిపి చూపెదము. ముందువరుసలో నున్నవారు లేచి రండు, తెర చిన్నది.