గుండె పంపే కబురు, కణంలో మోగే గంట

(రోగులకు, వారి కుటుంబ సభ్యులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



ఒకసారి వార్డులో ఒక పెద్దమ్మ నన్ను అడిగింది: "సిస్టరమ్మా, జబ్బు గుండెకంటున్నారు. మరి కాళ్ళెందుకు వాచాయి? మూత్రం బిళ్ళ ఎందుకిస్తున్నారు?" అంతకుముందు ఆమె వాపు తగ్గిందని ఇంటి దగ్గర బిళ్ళలు మానేసి, ఆయాసంతో తిరిగి ఆస్పత్రిలో చేరింది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడే ఈ సంగతి విడమరచి చెప్పి ఉంటే ఆమె మానేది కాదేమో అని నాకు బాధ కలిగింది. ఆమెకు చెప్పిన జవాబే ఈ రోజు మీకూ చెబుతాను.

గుండె రక్తాన్ని తోసే పంపు అని మనందరికీ తెలుసు. అది ఒక గ్రంథి కూడా. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఎలుక గుండె పై గదుల నుండి తీసిన రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించారు. కొద్దిసేపటికే వాటి మూత్రం, దానితో పాటు ఉప్పు ఎన్నో రెట్లు ఎక్కువగా బయటకు పోయాయి. ఆ రసంలోని హార్మోనుకు ఏఎన్‌పీ అని పేరు. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో ఇలాంటిదే మరొకటి కనుగొన్నారు. అది బీఎన్‌పీ. మెదడులో మొదట దొరికినా, మన శరీరంలో అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదులలోనే. వీటిని నాట్రియురెటిక్ పెప్టైడ్లు అంటారు. అంటే సోడియంను మూత్రంలో వెళ్ళగొట్టేవి అని అర్థం.

ఒంట్లో ఉప్పు, నీరు పెరిగితే రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె గోడలు సాగుతాయి. అప్పుడు గుండె ఈ హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. "నా మీద బరువెక్కువైంది, కాస్త దించండి" అని కబురు పంపడమన్నమాట.

ఆ కబురు కణానికి ఎలా అందుతుంది? మీ ఇంటి కాలింగ్ బెల్ గుర్తు చేసుకోండి. వచ్చినవారు బయటే నిలబడి నొక్కుతారు, గంట లోపల మోగుతుంది. ఇక్కడా అంతే. హార్మోను కణం లోపలికి వెళ్ళదు. కణం పొరలో ఎన్‌పీఆర్-ఏ అనే గ్రాహకం ఉంటుంది. దాని ఒక కొస పొర బయట, రెండో కొస లోపల. బయటి కొసకు హార్మోను అతుక్కోగానే లోపలి కొస పనిలోకి దిగుతుంది. ఆ లోపలి కొస గ్వానిలిల్ సైక్లేజ్ అనే ఎంజైము. అది కణంలో ఉండే జీటీపీ అనే పదార్థాన్ని సైక్లిక్ జీఎంపీగా మారుస్తుంది. లోపల మోగే గంట ఈ సైక్లిక్ జీఎంపీయే.

గంట విని ఒక్కో అవయవం తన పని చేస్తుంది. రక్తనాళాల గోడల్లో ప్రోటీన్ కైనేజ్-జి అనే ఎంజైము మేల్కొని కండరాన్ని సడలిస్తుంది, రక్తపోటు తగ్గుతుంది. మూత్రపిండాలు ఉప్పును తిరిగి పీల్చుకోవడం తగ్గించి, నీటితో సహా బయటకు పంపుతాయి. ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరోన్ హార్మోను కూడా తగ్గుతుంది. పని అయ్యాక ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైములు సైక్లిక్ జీఎంపీని విరిచి గంట ఆపేస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ బిళ్ళ వేరే దారిలో ఇదే గంటను మోగిస్తుంది. మగవారు వాడే సిల్డెనాఫిల్ బిళ్ళ గంటను ఆగనివ్వదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోవచ్చు. సిగ్గుపడి దాచకుండా డాక్టరుగారికి చెప్పండి.

మరి గుండె వైఫల్యంలో కబురు ఆగిపోతుందా? లేదు, ఇంకా ఎక్కువగా వెళ్తుంది. బీఎన్‌పీ రక్తపరీక్ష అందుకే చేస్తారు. అకస్మాత్తుగా ఆయాసం వచ్చినవారిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 పికోగ్రాముల లోపు ఉంటే కారణం గుండె వైఫల్యం అయ్యే అవకాశం తక్కువ. అయితే పదే పదే నొక్కిన గంటకు స్పందన తగ్గినట్లు, గ్రాహకం కూడా మందగిస్తుంది. పైగా ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లు ఎదురు లాగుతాయి. గుండె అరుస్తూనే ఉంటుంది, మూత్రపిండం సరిగా వినిపించుకోదు. నీరు నిలిచి కాళ్ళు వాస్తాయి, ఊపిరితిత్తుల్లో నిండి ఆయాసం వస్తుంది. ఆ పెద్దమ్మ ప్రశ్నకు ఇదే జవాబు. మూత్రపిండం వినని మాటను మూత్రం బిళ్ళ వేరే దారిలో నెరవేరుస్తుంది. వాపు తగ్గిందంటే బిళ్ళ పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు.

ఈ హార్మోన్లను నెప్రిలైసిన్ అనే ఎంజైము ముక్కలు చేస్తుంది. దానిని అడ్డుకునే సాకుబిట్రిల్‌ను వల్సార్టాన్‌తో కలిపిన మందు 2015లో అమెరికాలో అనుమతి పొందింది. మన దేశంలోనూ దొరుకుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి పాత బిళ్ళలతో దానిని కలిపి వేసుకోరాదు. ముఖం, గొంతు వాచే ప్రమాదం ఉంది. మార్చేటప్పుడు 36 గంటల ఎడం ఉండాలి. ఇంట్లో మిగిలిన పాత బిళ్ళలు తెచ్చి మాకు చూపించండి.

గుండె జబ్బు ఉన్నవారు ఇవి మరువవద్దు:

1. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళాక, టిఫిన్‌కు ముందు బరువు చూసుకుని రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే ఆస్పత్రికి రండి.
2. మొత్తం ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటరాదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల్లోని ఉప్పు కూడా ఇందులో లెక్కే.
3. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.
4. డాక్టరుగారు చెప్పకుండా ఏ బిళ్ళా మానవద్దు.

అమ్మా, అయ్యా, మీ గుండె తన బరువు దించమని రాత్రీ పగలూ కబురు పంపుతూనే ఉంది. మనం కంచంలో ఉప్పు పెంచి, బిళ్ళ మానేసి ఆ కబురుకు అడ్డుపడవద్దు.