ఆర్‌ఎక్స్ 100: ఒక మెకానిక్ మాట
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

 

డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు మాట్లాడినాక మైకు నాకిచ్చినారు. నంద్యాలలో షెడ్డు పెట్టుకున్న నాకు తెలిసింది బండ్ల సంగతే. అందుకని మీలో చాలామంది ఎక్కి తిరిగిన ఒక బండి గురించి చెబుతాను. అదే యమహా ఆర్‌ఎక్స్ 100.

1985 చివర్లో ఈ బండి మన దేశంలోకి వచ్చింది. యమహాతో కలిసి ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసింది. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. ఇంజన్ 98 సీసీ, శక్తి 11 హార్స్ పవర్, బరువు 100 కిలోల చిల్లర. అప్పటిదాకా మనం చూసినవి బుల్లెట్, ఎజ్డీ, రాజ్‌దూత్. వాటి పక్కన ఇది పిల్ల బండి. కానీ ఆళ్లగడ్డలో ఎక్కి శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరే నలభై కిలోమీటర్ల పైచిలుకు దారిలో, పెద్ద బండ్లను వెనకేసి పోయేది. పాల క్యాన్లు మోసింది, పత్తి మందు డబ్బాలు మోసింది, మహానందికి, అహోబిలానికి జంటలను మోసింది.

అంత చిన్న ఇంజన్‌కు అంత ఊపు ఎక్కడిది? ఫోర్ స్ట్రోక్ బండిలో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుడుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ పుడుతుంది. అయితే దీంట్లో ఒక చిక్కుంది. కాలిన పొగ బయటికి పోయేటప్పుడు, కాలని పెట్రోలు కూడా కొంత దాంతో పాటే జారిపోతుంది. దాన్ని ఆపేది సైలెన్సరే. బావిలోకి అరిస్తే ప్రతిధ్వని తిరిగొస్తుందని మన సైన్సు సారు చెప్పినారు, గుర్తుందా? సైలెన్సర్ లోపలి ఆకారానికి తగిలి ఒత్తిడి అల అట్లాగే వెనక్కి వచ్చి, జారిపోయే పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. సారు పాఠం నాకు పరీక్షలో ఉపయోగపడలేదు గానీ, షెడ్డులో రోజూ అన్నం పెడుతోంది.

మన బ్యాచ్ మిత్రుడొకడు ఈరోజు మన మధ్య లేడు. వాడి బండి వాడి కొడుకు చేతికొచ్చింది. ఆ పిల్లోడు నా దగ్గరికొచ్చి, "చిన్నాయనా, సైలెన్సర్ కోసెయ్, ఆయిల్ పంప్ పీకెయ్. ఊరంతా వినపడాల" అన్నాడు. నేను చెయ్యనన్నాను. సైలెన్సర్ కోస్తే శబ్దం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. పంపు తీస్తే పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ ఆయిలు మన చేత్తో లెక్కగా కలపాల. ఒక్కసారి మరిస్తే పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది, క్లచ్ నొక్కే టైము కూడా ఉండదు. ఇదంతా చెప్పినా వాడు అలిగిపోయి, వేరే చోట చేయించుకున్నాడు.

నెల తిరక్కముందే బండిని ఆటోలో తెచ్చినాడు. చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకొని పోతుంటే హైవే మీద ఇంజన్ పట్టేసింది. మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోయినాయి. వెనక లారీ రాలేదు కాబట్టి ఇద్దరూ బతికినారు. నేనేమీ అనలేదు. "ఆదివారాలు రా, నీ చేత్తోనే బిగిద్దువు" అన్నాను. సిలిండర్ బోర్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి, పంపు మళ్లీ పెట్టినాము. వాళ్ల నాయన బండి ఎంత మెత్తగా పాడుతుందో వాడు మొదటిసారి విన్నాడు. ఇప్పుడు ఆ బండికి మంచి రేటిస్తామని వచ్చేవాళ్లున్నారు. అమ్మాలా వద్దా అనేది వాళ్లమ్మ, వాళ్లూ తేల్చుకోవాల.

1996లో పొగ నిబంధనలు గట్టిపడినాక ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. దాని పేరుతో 2018లో సినిమా కూడా వచ్చింది. ఆ పొగను ఏళ్ల తరబడి పీల్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ బండి ఆగిపోవడం న్యాయమే. ఉన్న బండ్లను మాత్రం పద్ధతిగా కాపాడుకుందాం.

మీ ఇంట్లో, కొట్టంలో దుమ్ము పట్టిన బండి ఉంటే కిక్ కొట్టే ముందు పాత పెట్రోలు తీసెయ్యండి. పక్కనున్న ఆయిలు డబ్బా, పంపు కేబుల్ చూడండి. ఆర్సీ చూడండి. పదిహేనేళ్లు దాటినాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాల. పిల్లల చేతికి తాళం ఇచ్చే ముందు హెల్మెట్ ఇవ్వండి.

ఇంకొక్క మాట. మన బడి పిల్లల్లో చేతిపని మీద ఇష్టమున్నవాళ్లుంటే ఆదివారం నా షెడ్డుకు పంపండి. టూ స్ట్రోక్ చెవితో విని పట్టుకునే మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. ఫీజు అక్కర్లేదు. సైన్సు సారు మా దగ్గర తీసుకోలేదు కదా.