యూఫోనియంలో నీళ్లు, కదలని స్లైడు

తెనాలి నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఈ బల్ల మీద ఉన్న యూఫోనియం నాది కాదు. బాపట్లలో బ్యాండు మేళంలో వాయించే కుర్రాడొకడు మొన్న ఆదివారం తెచ్చి ఇచ్చాడు. "బాబాయ్, వాయిస్తుంటే గురగురమంటోంది. పెద్ద స్లైడు రావట్లేదు. శ్రావణం ముహూర్తాలకల్లా కావాలి" అన్నాడు. వాళ్ళ నాన్న వాయించిన వాయిద్యం. ఇప్పట్లో ఇంకోటి కొనే స్తోమతు లేదు. ఆషాఢం ఇంకా పది రోజులుంది కాబట్టి సరే అన్నాను.

ముందు గురగుర సంగతి. మనవాళ్ళలో చాలామంది దీన్ని ఎంగిలి అనుకుంటారు. పెళ్ళిపందిట్లో వాటర్ కీ నొక్కి నీళ్లు వదిలితే పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు, నేను తిట్లు కూడా తిన్నాను. అందుకే నా సంచిలో ఎప్పుడూ పాత తువ్వాలు ఒకటుంటుంది. కానీ అందులో ఉమ్మి కొంచెమే, ఎక్కువ భాగం నీళ్లే. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు బయట పెడితే పైన చెమట పట్టదూ? ఇదీ అంతే. మన ఊపిరి ఒంటి వేడితో, నిండా తేమతో వస్తుంది. లోపల దాదాపు తొమ్మిది అడుగుల ఇత్తడి గొట్టం. ఇత్తడి చల్లగా ఉంటే ఆవిరి అక్కడే నీరవుతుంది. మాఘమాసంలో తెల్లవారుజాము ముహూర్తానికి వాయించినప్పుడు వైశాఖం మధ్యాహ్నం కంటే ఎక్కువ నీళ్లు రావడానికి కారణం ఇదే. వాయిద్యంలో లోపమేమీ కాదు.

ఆ నీళ్లు పల్లంలోకి పోతాయి. పెద్ద స్లైడు వంపులో చేరిన నీటికి వాటర్ కీ ఉంది. కీ నొక్కి, పెదాలు అదిరించకుండా, ఉత్త గాలి ఊదండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. మరి వాల్వుల స్లైడుల్లో చేరిన నీళ్లు? మూడో వాల్వు స్లైడు పొడుగ్గా ఉంటుంది, చాలా వాయిద్యాలలో దానికి కీ ఉండదు. మూడో వాల్వు నొక్కి పట్టుకుని, స్లైడు తీసి, వంచి దులపాలి. నొక్కకుండా లాగారా, లోపల గాలి చిక్కుకుని సీసా బిరడా ఊడినట్టు టప్‌మంటుంది. అలా పదిసార్లు చేస్తే వాల్వుకూ స్లైడుకూ మంచిది కాదు. ఆ తర్వాత వాల్వుల అడుగు మూతలు విప్పి చూడండి. అక్కడ కూడా చెంచాడు నీళ్లుంటాయి, ఎవరూ చూడరు. ఇవన్నీ చేశాక కూడా గురగుర పోకపోతే కీ దగ్గరి బెండు బిళ్ళ చూడండి. అది అరిగితే గాలి కారి స్వరం వణుకుతుంది. సమయానికి బెండు దొరక్కపోతే సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి అంటిస్తాను, సీజను గడుస్తుంది.

ఇక స్లైడు. దీని గురించి మాట్లాడే హక్కు నాకుంది, ఎందుకంటే నేనొకటి విరగ్గొట్టుకున్నాను.

అప్పుడు నాకు పాతికేళ్ళుంటాయి. మాఘంలో రాత్రుళ్ళు చలికి వాయిద్యం శ్రుతి దిగిపోతుంటే పెద్ద స్లైడు పూర్తిగా లోపలికి నెట్టేశాను. మళ్ళీ దాని మొహం చూడలేదు. ఫాల్గుణం అయింది, వైశాఖం వచ్చింది. రేపల్లెలో పగటి పెళ్ళి. తెనాలి నుంచి రైల్లో వెళ్ళి, వాయిద్యాన్ని విడిది ఇంటి ముందు ఎండలో పెట్టి టిఫినుకు కూర్చున్నాం. వచ్చి చూస్తే ఇత్తడి చెయ్యి కాల్తోంది. లోపల గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి అరస్వరంలో నూటికి మూడు వంతుల దాకా పెరుగుతుంది. పది డిగ్రీలంటే ముప్పై వంతులు, పల్లకీ మోసేవాడికి కూడా తెలిసిపోయే అపశ్రుతి. క్లారినెట్ ఆయన బ్యారెల్ కొంచెం లాగి సర్దుకున్నాడు. నా స్లైడు కదల్లేదు. అందరూ చూస్తున్నారన్న కంగారులో వ్యాను డ్రైవరు దగ్గర కటింగ్ ప్లేయర్ తీసుకుని గుంజాను. రెండు గొట్టాలనూ కలిపే అడ్డకమ్మీ అతుకు ఊడి చేతికొచ్చింది, స్లైడు మాత్రం అక్కడే ఉంది. ఆ పెళ్ళంతా మోగీ మోగకుండా ఊదాను. తర్వాతి రెండు పెళ్ళిళ్ళకు మా మాస్టారు నన్ను పిలవలేదు. ఆయన తప్పేం లేదు.

అసలు స్లైడు ఎందుకు పట్టేస్తుంది? లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు. అక్కడ గ్రీజు ఆరిపోయి, నీళ్లు చేరి, చిలుము పడుతుంది. కిళ్ళీ నమిలి, బూందీలడ్డు తిని, కూల్‌డ్రింకు తాగి అలాగే ఊదితే ఆ చక్కెరా అక్కడికే చేరుతుంది. నోరు పుక్కిలించడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. బాపట్ల వాళ్ళకు సూర్యలంక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి అదనం. వీటన్నిటి మీద ఆషాఢం. ముహూర్తాలుండవు, వాయిద్యాన్ని తడితోనే గుడ్డసంచిలో చుట్టి అటకెక్కిస్తాం. వానల తేమలో నెల రోజులు. ఇత్తడంటే రాగీ జింకూ కదా. నిలవున్న తడికి జింకు మెల్లగా కరిగి పోయి ఎర్రటి మచ్చలు పడతాయి. అక్కడ లోహం బోలుగా అయిపోతుంది, మెరుగు పెట్టినా తిరిగి రాదు. ఈ కుర్రాడి వాయిద్యానికి రెండు మచ్చలున్నాయి, చూడండి, ఈ వంపు దగ్గర. ఇంకా చిల్లు పడలేదు, అదృష్టం.

దీనికి నేను చేసిందేమిటంటే, మెకానిక్ షాపుల్లో తుప్పు వదిలించడానికి వాడే స్ప్రే నూనె ఉంటుంది కదా, అది అతుకు దగ్గర చుట్టూ రెండు చుక్కలు వేసి, అతుకు పైకి ఉండేట్టు నిలబెట్టాను. పూటకోసారి మళ్ళీ రెండు చుక్కలు. వాల్వుల్లోకి పోనివ్వకూడదు. రెండు రోజులాగి, స్లైడు వంపు మీద చెక్క గరిటె కాడతో మెల్లగా తట్టాను. తర్వాత బయటి గొట్టానికి వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టాను, అది కాస్త వ్యాకోచిస్తుంది. కొవ్వొత్తి, స్టవ్వు జోలికి పోకండి. అతుకులు టంకంతో వేసినవి, సుమారు 200 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. ఆఖరున పాత పంచె చింపి వంపులోంచి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని తిన్నగా లాగాను. రెండు కాళ్ళూ సమానంగా రావాలి, ఒకటి ముందు వస్తే ఆపెయ్యాలి. అప్పటికీ రాకపోతే రిపేరు తెలిసినవాళ్ళ దగ్గరికే. ప్లేయర్ మాత్రం ముట్టుకోవద్దు.

నాలుగో రోజు వచ్చిందండీ. పచ్చటి చిలుముతో.

చింతపండు పెట్టి తోమేద్దామా అని అడిగాడు ఆ అబ్బాయి, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు. వద్దు. స్లైడు కాలు అరిగితే వదులైపోతుంది, గాలి కారుతుంది. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. మరిగే నీళ్ళు పోస్తే పైన లక్కపూత లేచిపోతుంది. బాగా ఆరాక గ్రీజు. అసలు స్లైడు గ్రీజు దొరికితే మంచిది, లేకపోతే వేజలిన్ పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది. కుట్టుమిషను నూనె పల్చన, స్లైడు మీద నిలవదు. గ్రీజు రాసి నెట్టాక, పైకొచ్చింది తుడిచెయ్యండి. వదిలేస్తే అది వాల్వులోకి జారి పిస్టన్ పట్టేస్తుంది.

ఇక రోజూ చేసేది ఒకటే. ఊరేగింపు అయ్యాక అందరూ భోజనాలకు పరిగెడతారు. ఆ ఐదు నిమిషాలు ఆగి, నీళ్లు వంపి, ప్రతి స్లైడునూ ఒక్కసారి కదిపి, సంచి మూతి తెరిచి ఉంచండి. ముఖ్యంగా రెండో వాల్వు స్లైడు. పొట్టిది కదా, శ్రుతి కోసం దాన్నెవరూ ముట్టరు, అందుకే ముందు అదే పడిపోతుంది. ఈ వాయిద్యంలోనూ అదింకా రాలేదు. ఈ ఉదయం మళ్ళీ నూనె వేశాను. రేపు సాయంత్రం పంచె కట్టి లాగుతాను, వస్తే ఆ అబ్బాయికి ఫోను చేస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో పిస్టన్ల గురించి. ఉంటానండీ.