అంగన్‌వాడీ సోదరీమణుల సమస్య మన సమస్యే

(డాలీగంజ్‌లో జరిగిన తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైలు మార్గమే లేని దీవులలో పలికిన మాటలు ప్రధాన భూభాగంలోని రైల్వే కార్మికులకు ఎందుకని కొందరు అడుగవచ్చు. శ్రీకాకుళం పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకొని బయలుదేరిన మనవాడు విశాఖ వరకు రైలులో వచ్చి, అక్కడ ఓడ ఎక్కి, సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి ఇక్కడ దిగుతాడు. ఇంటికి అతడు వ్రాసిన ఉత్తరాన్నీ, పంపిన మనియార్డరునూ తరతరాలుగా మోసినది తపాలా ఉద్యోగి. అందుచేత అతని బిడ్డల సంగతి మనందరి సంగతి.

ఈ దీవుల జనాభా 1951లో 30,971. 1981 నాటికి 1,88,741 అయినది. 2011లో 3,80,581కి చేరినది. అరువది యేండ్లలో పన్నెండు రెట్లు! అందులో తెలుగువారు ఇంచుమించు ఎనిమిదింట ఒక వంతు. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. ఆ తరువాత పుట్టినవారికీ, వలస వచ్చినవారికీ పాత లెక్కల మీదనే ఏర్పాట్లు చేస్తూ వచ్చారు. లెక్కకు రాని బిడ్డకు గిన్నెలో వాటా ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ డాలీగంజ్‌లోనే భారత వైద్య పరిశోధన మండలి వారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 1980ల చివర ప్రజలను హడలెత్తించిన అండమాన్ రక్తస్రావ జ్వరానికి లెప్టోస్పైరా క్రిమి కారణమని తరువాతి దశకంలో శాస్త్రజ్ఞులు తేల్చారు. విజ్ఞానం మన వీధిలోనే ఉన్నది. కాని ఆ విజ్ఞానాన్ని గడప గడపకు చేర్చవలసిన చేతులెవరివి? నెలకింతని గౌరవ వేతనం పుచ్చుకొనే స్త్రీలవి.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైనది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆస్పత్రికి పంపుట, బడికి ముందరి చదువు, తల్లులకు ఆరోగ్య బోధ: ఆరు సేవలు. 400 నుంచి 800 మందికి ఒక కేంద్రమన్నది నియమం. నేను చూచిన ఒక కేంద్రంలో ఒకే గది. అందులోనే పొయ్యి, బియ్యపు బస్తాలు, పిల్లల చాపలు. ఆ సోదరి ఒక చేత్తో గరిటె త్రిప్పుతూ, రెండవ చేత్తో రిజిస్టరు పట్టుకొని ఉన్నది. వలస కుటుంబాలు పిల్లలను తీసుకొని వస్తే కాదనలేననీ, ఉన్నదే అందరికీ సర్దుతున్నాననీ చెప్పినది. ప్రభుత్వ కొరతను ఆమె తన గరిటెతో పూడుస్తున్నది. 2018లో అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకు 4,500 రూపాయలు; సహాయకురాలికి 2,250.

తపాలా మిత్రులారా, ఈ కథ మీకు క్రొత్తది కాదు. ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లని పేరు పెట్టి, వీరు ఉద్యోగులే కారని వెనుక వాదించలేదా? 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో, వారివి సివిల్ పోస్టులేనని తీర్పు చెప్పినది. అంగన్‌వాడీ వారి విషయంలో 2006లో అమీర్‌బీ కేసులో, వారివి సివిల్ పోస్టులు కావన్నది. 2013లో భారత కార్మిక మహాసభ 45వ సమావేశం, పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసినది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని తీర్పునిచ్చినది. తీర్పు వచ్చినంత మాత్రాన ఫలం చేతికి రాదని గ్రామీణ డాక్ సేవకుల అనుభవం చెబుతున్నది. తీర్పు తలుపు తెరుస్తుంది; లోపలికి నడవవలసినది సంఘమే.

వృద్ధుల సంగతి ఒక మాట. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రపు వాటా 1995లో 75 రూపాయలతో మొదలై, ఎనుబది యేండ్లు నిండనివారికి 200 రూపాయల దగ్గర ఏండ్ల తరబడి నిలిచిపోయినది. మన కరువు భత్యం ధరల సూచికతో పాటు కదులుతుంది. ఆ ముదుసలికి ధరలు పెరగవా?

మనకు ఆస్పత్రి ఉన్నది, సెలవు ఉన్నది, సంఘం ఉన్నది. పరాయివారి గొడవ మనకెందుకని మనలోనే కొందరంటారు. ఉద్యోగి పనికి పోయినప్పుడు అతని వీధిని కాపాడుతున్నది ఎవరు? ఒక రంగంలో గౌరవ వేతనం పేరిట చౌక శ్రమ చెల్లుబాటైతే, రేపు దానినే నమూనాగా మన శాఖలకు తెస్తారు. కాంట్రాక్టు పద్ధతి స్టేషన్లలోకి ఎలా చొరబడినదో రైల్వే సోదరులకు నేను చెప్పనక్కరలేదు.

కనుక ప్రతి శాఖా సంఘానికి మూడు పనులు మనవి చేస్తున్నాను. మొదటిది, మీ వీధిలో ఆరేండ్ల లోపు పిల్లల జాబితా తయారు చేయండి. ఎందరు కేంద్రంలో నమోదైనారో, ఎందరు కాలేదో వ్రాసి అధికారులకు అందజేయండి. ఇంటింటి చిరునామా తెలిసిన పోస్ట్‌మన్ కంటె ఈ పనికి తగినవారెవరు? రెండవది, అంగన్‌వాడీ సోదరీమణులను మీ సమావేశాలకు పిలిచి, వారి కోర్కెల పత్రంపై మీరూ సంతకం చేయండి. మూడవది, పింఛనుకు అర్హులైన వృద్ధుల దరఖాస్తులు దగ్గరుండి నింపించండి.

1974 మే సమ్మెలో రైల్వే కార్మికులు ఇరువది దినాలు నిలిచినపుడు, ఇరుగుపొరుగు వారు ఎందరి ఇండ్లకో బియ్యం అందించారు. ఆ ఋణం తీర్చుకొనే అవకాశం ఇది. ఆ గరిటె పట్టిన చేతికి మన చేయి కలుపుదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!