వడ్డీరేటు - వడ్లరాశి

కృష్ణాడెల్టాలో కోతలనాడు ధాన్యము చవుక, తొలకరినాటికి ప్రియము. అప్పు తీర్చవలసిన రైతు కళ్ళములోనే అమ్ముకొనును. చేతిలో సొమ్మున్నవాడు వేచియుండును. ఆ వేచియుండుటకు చెల్లించు వెలయే వడ్డీ యని మనము చెప్పుకొనవచ్చును.

ఈ వెలపై రిజర్వుబ్యాంకునకు గల అధికార మెట్టిది? 1935 ఏప్రిల్ 1న నెలకొని, 1949 జనవరి 1న జాతీయమైన ఈ సంస్థ మనకు నేరుగా అప్పిచ్చునది కాదు, బ్యాంకులకు బ్యాంకు. అది తన రేటు పెంచినచో బ్యాంకులును పెంచును. విజయవాడ వర్తకుడు సరకు నిలువచేయ జంకును. కొనుగోళ్ళు మందగించి ధరలు సడలును. 1951 నవంబరులో బ్యాంకురేటు నూటికి 3 నుండి 3½కు పెరిగినది ధరల నదుపుచేయుటకే.

అయితే రేటు అన్ని సరకులపైనను పడును. ధాన్యమొక్కదానినే కట్టడిచేయుటకు వేరొక సాధనము కలదు. 1956 మే నెలలో ధాన్యము, బియ్యము నిలువలపై అప్పులు తగ్గింపుడని రిజర్వుబ్యాంకు బ్యాంకుల నాదేశించెను. పదివేల రూపాయల సరకుపై ఏడువేలు లభించుచోట ఆరువేలే లభించిన దనుకొందము. మిల్లుదారు ఆ వేయి రూపాయలు తానే తేవలెను, లేదా సరకు విడువవలెను. బియ్యము కొనితినువారికి ఇది మేలు. కాని కోతలవేళ ఇట్టి కట్టడి బిగిసినచో, మిల్లుదారు కొనజాలక, రైతునకే ధర పడిపోవును. కనుక అదను ముఖ్యము.

రైతే వేచియుండగలుగుట దీనికి మందు. 1951-52 నాటి గ్రామీణ ఋణ పరిశీలనలో రైతుల అప్పులందు సహకార సంఘముల వాటా నూటికి 3 మాత్రమే. వడ్డీవ్యాపారులది సుమారు 70. ఆ సంఘము సిఫారసుల ననుసరించి 1956లో గిడ్డంగుల చట్టము వచ్చినది. ధాన్యమును గిడ్డంగిలో నుంచి, రసీదుపై అప్పు పొందు మార్గ మేర్పడినది.

2016 నుండి రేటును ఆర్గురు సభ్యుల ద్రవ్యవిధాన సంఘము నిర్ణయించుచున్నది. 2020 మే నెలలో రెపోరేటు నూటికి 4కు దిగినది. కాని భూమిపత్రములు లేని కౌలురైతు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకొన్నచో, సాలుకు 24 చెల్లించును. కౌలుదారునకు కార్డునిచ్చి బ్యాంకు అప్పునకు త్రోవచూపుటకే రాష్ట్రమున 2019లో సాగుదారుల హక్కుల చట్టము చేయబడినది.

ప్రకాశం బ్యారేజీ తలుపు లెత్తినంతమాత్రమున చేను తడియదు, పంటబోదె యుండవలెను. ముంబయిలో తగ్గిన వడ్డీ మన కళ్ళమునకు చేరుటకును అట్టి బోదెలే కావలెను.